నేను చూడని సోదా

నా పేరు ఆదినారాయణ. జగ్గన్నను చంపిన కాగితం మీద ఉన్న సంతకం నాది. ఈ మాట ముందు చెప్పకుండా మిగతా కథ చెప్పే హక్కు నాకు లేదు.

సోనేపూర్ నుంచి బరంపురం పోయే రోడ్డు మీద, ఉప్పు చౌకీకి ఎదురుగా మా కిరాణా కొట్టు. ఎండుచేపల బళ్ళన్నీ అక్కడ ఆగాలి. దొంగుప్పు పోతోందేమోనని సోదా. దొంగుప్పంటే మన సముద్రం మన ఒడ్డున ఎండబెట్టిన ఉప్పే, దొరల ముద్ర పడనిది. బండికో గంప చేపలు చౌకీ జమేదారు ఇంటికి చేరితే సోదా ఉండదు. చేరకపోతే ఉంటుంది.

ఆ రోజు సోనేపూర్ బండివాడు జగ్గన్న గంప దింపలేదు.

"మా ఆడోళ్ళు ఎండలో మాడి ఎండబెట్టిన సేపలు బాబూ. ఊరికే ఎందుకియ్యాల?" అన్నాడు.

జమేదారు గంపల తాళ్ళు కోయించాడు. చేపలు దుమ్ములో పడ్డాయి. వాటి నుంచి రాలిన ఉప్పురవ్వలు చూపించి, "ఇదేటి?" అన్నాడు.

"సేపకి ఉప్పుండదేటి బాబూ?"

లాఠీ మూతి మీద పడింది. నేను అటు వీపు తిప్పి కిరసనాయిలు కొలుస్తున్నాను. కావాలనే తిప్పాను. కాసేపటికి జమేదారు కాగితం పట్టుకొచ్చాడు. బండిలో గడ్డి కింద రెండు బస్తాల దొంగుప్పు నా కళ్ళెదుట దొరికిందని అందులో రాసి ఉంది. నా ఉప్పు లైసెన్సు అతని చేతిలో ఉంది. సంతకం పెట్టాను. నా కింద మంగలి ధర్మలింగం వేలిముద్ర వేశాడు. ఎప్పుడూ నేను పెడితే అతనూ వేస్తాడు. ఎన్ని బళ్ళు అలా పోయాయో, ఎన్ని ఎడ్లు వేలానికెళ్ళాయో నేను ఏనాడూ ఆలోచించలేదు.

జగ్గన్నను చౌకీలో పెట్టి తాళం వేశారు. మూడోరోజు శవం బయటికొచ్చింది. జ్వరమన్నారు. స్నానం చేయించిన వాళ్ళు వీపు చూశారు.

మర్నాడు సోనేపూర్ సోనేపూరంతా మా కొట్టు ముందుకొచ్చింది. జగ్గన్న తమ్ముడు వీరన్న చేతిలో తెడ్డు ఉంది.

"ముందీడి కొట్టు, తర్వాత సౌకీ. రెండూ తగలెట్టేద్దాం!"

"తగలబెడితే రేపు తుపాకులొస్తాయి" అని బడిపంతులు జానకీరామయ్య అడ్డుపడ్డాడు. "బండి సోదా చేసేటప్పుడు ఊళ్ళో మనుషులిద్దరు దగ్గరుండి చూడాలి. చూసి సంతకం పెట్టాలి. వాళ్ళు లేకపోతే జమేదారు కాగితానికి విలువ లేదని దొరల చట్టం పుస్తకంలోనే ఉంది."

"ఆ నాయాళ్ళ పుస్తకం మనకేటి కూడెడతాది పంతులూ?"

"కూడు పెట్టదురా. కానీ వాళ్ళు మనల్ని కొట్టేది ఆ పుస్తకంతోనే. సాక్షి దొరక్కపోతే ఏం చేస్తారో చూద్దాం."

జగ్గన్న భార్య కూర్మమ్మ ముందుకొచ్చింది. తిట్టలేదు, ఏడవలేదు.

"ఆదినారాయణ బాబూ, గడ్డికింద బస్తాలు నువ్వు సూసావా?"

"లేదమ్మా."

"మరేటి సంతకం?"

తల వెనక్కి తిప్పాను. వెనక గుమ్మంలో మా ఆవిడ ఆదిలక్ష్మి నిలబడి ఉంది. ఆమె ముఖం చూడలేకపోయాను. సిగ్గుతో చచ్చిపోయాను.

"సూడనేదని నాకు సెప్పితే ఏటి లాభం? ఆడికి సెప్పు" అని చౌకీ వైపు చెయ్యి చూపించి కూర్మమ్మ వెళ్ళిపోయింది.

సంతరోజు సోనేపూర్‌లో ఉన్న బళ్ళన్నీ ఒక్కసారే వచ్చాయి. ఎవరూ ఆపకుండానే చౌకీ ముందు ఆగాయి. ఎడ్లను విప్పేశారు. ఆడవాళ్ళు రోడ్డు మీదే కూర్చున్నారు.

"సోదా సెయ్యండి బాబూ" అంది కూర్మమ్మ. "సాచ్చుల్ని తెండి. దగ్గరుండి సూడమనండి."

జమేదారు నవ్వాడు. ధర్మలింగాన్ని పిలిచాడు. ధర్మలింగం పొది చంకన పెట్టుకుని, "నాకు కళ్ళు కనపడవు బాబూ" అన్నాడు. పొద్దున్నే జమేదారుకి గడ్డం గీసినవాడు ఆ మాటంటే జనం గొల్లుమన్నారు. పొలం నుంచి వస్తున్న ఒడియా రైతును జవాన్లు పట్టుకున్నారు. "మూ సాక్షి హెబి నాహిఁ" అన్నాడు. సాక్షిగా ఉండనని అతను అన్నది అందరికీ అర్థమైంది. ఆపైన పిలిచిన వాళ్ళంతా అదే మాట అందుకున్నారు, కొందరు ఒడియాలో, కొందరు తెలుగులో.

జమేదారు నవ్వు పోయింది. నా కొట్టులోకి వచ్చి కాగితం బల్లమీద కొట్టాడు.

"పెట్టవయ్యా. లైసెన్సు మాటేమిటో తెలుసుగా?"

కలం తీసుకున్నాను. భయం లేదంటే అబద్ధం. కాగితం మీద ఇలా రాశాను: "ఈ సోదా నేను చూడలేదు. జగ్గన్న బండిలో ఉప్పు బస్తాలు చూడలేదు. ఇదివరకు సంతకం పెట్టిన ఏ సోదానూ నేను చూడలేదు." కింద సంతకం పెట్టి, బయటికొచ్చి, అందరికీ వినపడేలా చదివాను.

చదవడం పూర్తయ్యేలోగా నా చేతులకు బేడీలు పడ్డాయి. తప్పుడు సాక్ష్యం చెప్పినట్టు నేనే ఒప్పుకున్నానట, అదీ నేరం. జగ్గన్నను చంపినవాడు నన్ను తాడుతో పట్టుకున్నాడు. నన్ను బరంపురం తీసుకెళ్ళడానికి బండి కట్టమని కేకేశాడు. ఒక్కడూ కట్టలేదు. నడిపించుకుపోవలసి వచ్చింది.

కూర్మమ్మ పక్కకొచ్చింది.

"నా మొగుడు మళ్ళీ రాడు బాబూ. నిన్ను నాను మాఫీ సెయ్యను. కోర్టులో మాత్రం ఇదే సెప్పు."

"చెప్తానమ్మా."

వెనక ఎడ్లను మళ్ళీ కట్టిన చప్పుడైంది. వీరన్న తెడ్డు బండిలో పడేసి పగ్గాలందుకున్నాడు. సోదాకు సాక్షి లేక, ఒక్క గంపా దించకుండానే బళ్ళన్నీ చౌకీ దాటి మా వెనకే వచ్చాయి. దారిలో ఇంకో చౌకీ ఉంది. అక్కడి జవాన్లు మమ్మల్ని చూసి రోడ్డుకు అడ్డం నిలబడ్డారు. వీరన్న మొదటి బండి ఆపి, ఎడ్లను విప్పాడు.

"సాచ్చుల్ని తెండి" అన్నాడు.