బొంతకు తొడిగిన బనియను

కత్తెరాయన నెత్తి మీద ఒక్క వెంట్రుక లేదు. అందరి జుట్టూ కత్తిరించే మనిషికి ఇదేం ఖర్మని సెలూన్‌కి వచ్చేవాళ్లు ఆటపట్టిస్తే, "వంటవాడు ఎప్పుడైనా కడుపు నిండా తింటాడా?" అని నవ్వేసేవాడు. వేసవిలో మాత్రం టోపీ లేకుండా గుమ్మం దాటడు.

అక్క కంటి ఆపరేషన్‌కని కూతురింటికి వెళ్తూ, తన కుక్కని పది రోజులు ఇతని దగ్గర వదిలింది. ఒళ్లంతా దట్టమైన బొచ్చు కాబట్టి దాని పేరు బొంత. బావ పోయాక ఇంట్లో ఆమెకి తోడు అదొక్కటే.

"నీళ్ల గిన్నె రెండు చోట్ల పెట్టు. పొద్దెక్కాక రోడ్డు మీదికి తీసుకెళ్లకు, పాదాలు కాలతాయి. బొచ్చు రోజూ దువ్వితే చాలు, కత్తిరించకు," అంది.

"ముప్పై ఏళ్లుగా జుట్టు మీదే బతుకుతున్నాను. నువ్వు నేర్పాలా అక్కా నాకు?"

మూడో రోజు బొంత నాలుక వేలాడేసి రొప్పుతుంటే అతనికి జాలేసింది. అందులో జాలి ఎంతో, పనితనం చూపించాలన్న సరదా ఎంతో అతనే చెప్పలేడు. మిషను తీసి తోకతో సహా నున్నగా గొరిగేశాడు. అది కదలకుండా నిలబడింది, మధ్యలో రెండుసార్లు అతని చెయ్యి నాకింది. ఆ తర్వాత పెరట్లో ఎంత హాయిగా తిరుగుతోందోనని మురిసిపోయాడు కూడా. ఐదో రోజుకి వీపంతా ఎర్రబడి బొబ్బలు లేచాయి.

పశువుల డాక్టరమ్మ చూసి, "ఆ బొచ్చే దీనికి గొడుగండీ. ఎవరు గొరిగారు?" అంది.

"ఎవరో... బయట సెలూన్‌లో."

"వాడికి బుద్ధి లేదు."

"లేదండీ," అన్నాడు, తేలు కుట్టిన దొంగలా. మందు పట్టుకుని బయటపడేసరికి సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది.

ఇంటికొచ్చి మందు రాసి, తన పాత నూలు బనియను తొడిగాడు. ఫ్యాను కింద తడిగుడ్డ పరిచి పడుకోబెట్టాడు. అక్కకి చెప్పాల్సిన అబద్ధం కూడా సిద్ధం చేసుకున్నాడు: దురద పట్టింది, డాక్టరే గొరగమంది. అక్క నమ్ముతుంది. చిన్నప్పటి నుంచీ తమ్ముడు ఏం చెప్పినా నమ్మడమే ఆమె అలవాటు.

పదో రోజు అక్క నల్లద్దాలతో ఆటో దిగింది. చూపు ఇంకా మసకే. అతను ఎండలో ఎదురెళ్లి సంచీ అందుకుని లోపలికి తీసుకొచ్చాడు. బొంత తోకాడిస్తూ ఆమె కాళ్లకి చుట్టుకుంది.

"ఆపరేషన్ బల్ల మీద కూడా దీని బెంగ లేదురా నాకు. నీ దగ్గరుందిగా అనుకున్నాను," అంటూ ఆమె వంగబోయింది.

అతను సంచీ కింద పెట్టేశాడు.

"అక్కా, నేనే గొరిగేశాను. నువ్వు వద్దన్నా వినలేదు. వీపు కాలింది. డాక్టరమ్మ దగ్గర ఎవడో చేశాడని బొంకాను."

ఆమె బొంత పక్కన కూర్చుంది. బనియను కిందికి చెయ్యి పోనిచ్చి, మానుతున్న పొక్కుల్ని ఒక్కొక్కటే తడిమింది. తర్వాత లేచి, ఆ చేత్తోనే తమ్ముడి టోపీ తీసి, నున్నటి నెత్తి మీద అరచెయ్యి ఆనించింది.

"ఈ టోపీ లేకుండా ఎండలోకి ఎప్పుడైనా వెళ్లావురా?"

అతను తల దించుకున్నాడు. బొంత వచ్చి, ఈ పది రోజుల అలవాటు కొద్దీ అతని పాదం మీద తల పెట్టుకుని పడుకుంది. అక్క తిట్టినా, అది కరిచినా బాగుండేది. రెండూ జరగలేదు.