పర్మినెంట్

లెవీ పన్నెండేళ్ళుగా కాంట్రాక్టు మీదే వెల్డింగ్ చేస్తున్నాడు. చంద్రపూర్‌లోని ఆ కార్ఖానా బాయిలర్‌లో అతని చేతి అతుకు పడని గొట్టం లేదు. కాంట్రాక్టర్లు ఏడుగురు మారారు గానీ లెవీ మాత్రం పర్మినెంటు కాలేదు. ఆ ఒక్క మాట కోసం భార్య మిరియం చేసిన ప్రార్థనలకు ప్రభువుకే విసుగొచ్చి ఉండాలి.

తొంభై తొమ్మిదిలో ఒక సాయంత్రం అతను డ్యూటీ దిగి వచ్చేసరికి వీధి వీధంతా దూద్‌పేడాలు తింటోంది.

"ముబారక్ లెవీ! పర్మినెంటయినవంట గదా!" అంది పక్కింటి నర్సక్క, నోటి నిండా పేడాతో.

ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో లెవీకి అర్థం కాలేదు. ఇంట్లో మిరియం పెళ్ళినాటి చీర కట్టుకుని, చింపిన కవరు పట్టుకుని నవ్వుతూ నిలబడి ఉంది. కవరు మీది విదేశీ స్టాంపు చూడగానే అతనికి సంగతి అర్థమైంది.

మిరియం చదివింది మరాఠీ బడిలో నాలుగు తరగతులు. ఇంగ్లీషులో ఆమె గుర్తుపట్టేది 'పర్మినెంట్' అన్న ఒక్క మాటే. ఊళ్ళో అదృష్టవంతుల కాగితాల మీద చూసి చూసి నేర్చుకుంది.

ఆ కాగితం కార్ఖానాది కాదు, ఆస్ట్రేలియాది. పట్నాలకు దూరంగా, గోధుమలు పండే చిన్న ఊళ్ళో ఇనుప గాదెలు చేసే కంపెనీ పంపింది. ఆ ఊరికి వెల్డర్లు దొరకరు. అక్కడే రెండేళ్ళు పనిచేస్తానంటే, భార్యాభర్తలిద్దరికీ పర్మినెంట్ రెసిడెన్స్, అంటే ఎప్పటికీ అక్కడే ఉండిపోయే హక్కు, ఇమ్మని సర్కారుకు రాస్తారు. జత చేసిన ఫారం మీద మిరియం సంతకం కూడా కావాలి. ఆ ఉద్యోగం వస్తుందో రాదోనని ఆమెకు చెప్పకుండానే అర్జీ పెట్టాడు లెవీ. మహా ధైర్యవంతుడు మరి!

ఆ చీర చూశాక అబద్ధం నోట రాలేదు. తలవంచుకుని అంతా చెప్పేశాడు.

మిరియం మంచం మీద కూలబడింది. "అంటే ఈడ గాలేదా?"

"కాలే."

"ఆడ మనోళ్ళు ఎవరన్న ఉన్నరా?"

"ఒక్కరు లేరు. నీకు ఇష్టం లేకుంటే చింపేస్త. నాకు నీకంటె ఎక్కువేం గాదు."

ఆమె అతని చెయ్యి ఒళ్ళోకి లాక్కుంది. ఆ చేతి నిండా నిప్పురవ్వల మచ్చలే.

"వాళ్ళు నిన్ను సూసిన్రా?"

"లేదు. నా పని ఫోటోలు పంపిన, గంతే."

"పన్నెండేండ్లు కండ్లముందట పనిచేసినోన్ని ఈడ ఒక్కడు ఉండుమనలే. మొఖం గూడ సూడకుండ వాళ్ళు ఉండుమన్నరు." మిరియం కవర్లోంచి ఫారం బయటికి తీసింది. "పెన్ను తే. ఏడ వెట్టాల్నో సూపియ్యి."

లెవీ వేలు పెట్టి చూపించాడు. తనకొచ్చిన మరాఠీ అక్షరాల్లోనే, తప్పు పోకుండా, మిరియం మెల్లగా తన పేరు రాసింది.