ముందు నిలబడే వంతు

"కొంచెం పక్కకి జరుగు, టీవీ కనపడట్లేదు."

చిట్టి జరిగింది. చేతిలో తడిగుడ్డ, పక్కన బకెట్టు, మోకాళ్ళ మీద కూర్చుని హాలు తుడుస్తోంది. ఆమె భర్త కళ్ళు ఆటలోనే ఉన్నాయి. ఆ మాట అన్నట్టు కూడా ఆయనకి గుర్తుండదు. ఆయన చెడ్డవాడేం కాదని చిట్టి చాలాసార్లు తనకి తనే నచ్చజెప్పుకుంది. కాకపోతే పక్కకి జరగడంలో ఆమెకున్న నేర్పు ఆ ఇంట్లో ఇంకెవరికీ లేదు. గుమ్మం దగ్గర ఎవరైనా ఎదురైతే గోడకి అతుక్కుపోతుంది. సోఫాలో కూర్చున్నా ఎప్పుడు లేవాల్సొస్తుందోనని అంచు మీదే కూర్చుంటుంది. ఫొటోల్లో ఎప్పుడూ ఎవరిదో భుజం వెనక సగం మొహం. కాపరానికొచ్చిన కొత్తలో అత్తగారు పక్కింటావిడతో "మా ఇంట్లో ఆడవాళ్ళు నడిస్తే చప్పుడు వినపడదు" అని గొప్పగా చెప్పింది. ఆ గొప్ప నిలబెట్టడానికి చిట్టి ఇన్నేళ్ళూ మడమలు ఆనించకుండా నడిచింది. నలభై దాటాక మడమల్లో నొప్పి వచ్చింది కానీ చప్పుడు మాత్రం రాలేదు.

చిట్టి అన్నది చిన్నప్పటి ముద్దుపేరు. మనిషి పెద్దదైంది, ఒళ్ళొచ్చింది, కూతురు హాస్టలుకెళ్ళి చదువుకుంటోంది. అయినా అందరి నోటా ఆ పేరే మిగిలిపోయింది.

ఆమె ఉద్యోగం ఎముకల డాక్టరు గారి క్లినిక్కులో, రిసెప్షన్ బల్ల వెనక. పేషెంట్లని వరసలో పంపడం, వరస తప్పారని గొడవపడేవాళ్ళని సముదాయించడం, డాక్టరు గారు లోపల విసుక్కున్న మాటలు మింగేసి బయటివాళ్ళకి నవ్వుమొహం చూపించడం. ఆ ఏడాది పై అంతస్తు హాల్లో ఎవరో కొత్తగా చేరారు. సాయంత్రమైతే చాలు, నెత్తిమీద దబదబమని ఒకటే మోత. ట్యూబులైటు వణికేది. ఒకరోజు డాక్టరు గారు చిరాగ్గా బయటికొచ్చారు.

"పైకెళ్ళి ఆ గోల కాస్త తగ్గించమని చెప్పమ్మా. నువ్వైతే మెత్తగా చెప్తావు."

మెత్తగా ఎలా చెప్పాలో మెట్లెక్కుతూ నాలుగు రకాలుగా అనుకుంది చిట్టి. తలుపు ఓరగా తీసి ఉంది. లోపలికి చూసి, అనుకున్నవన్నీ మర్చిపోయింది.

గోడ నిండా అద్దం. దాని ముందు కొందరు ఆడవాళ్ళు. నేలని ఊడుస్తున్నట్టుండే వెడల్పాటి లంగాలు, నడుముకి కుచ్చులూ నాణేలూ కుట్టిన పట్టీలు, వేళ్ళకి చిన్న ఇత్తడి తాళాలు. దబదబలు అప్పుడే ఆగి, పాట నెమ్మదించింది. ఒక మనిషి ముందు నిలబడి ఉంది, మిగతావాళ్ళు ఆమె వెనక ఏటవాలుగా. ముందున్నామె భుజంలో ఏదో మొదలైంది. అది మోచేతిలోకి, మణికట్టులోకి జారి, వేళ్ళ చివర్లనుంచి గాల్లోకి వెళ్ళిపోయింది. నడుం పైన ఒళ్ళంతా కదులుతోంది, కింద కాళ్ళు మాత్రం నాటుకున్నట్టు ఉన్నాయి. తర్వాత పొట్ట. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి, ఒక్కొక్క మడతా విడివిడిగా లేచి పడుతోంది. దాచుకోవాల్సింది ఏమీ లేనట్టు, అదే అసలు చూడాల్సింది అన్నట్టు. ఆమె మణికట్టు ఒకసారి లోపలికి తిప్పింది. ఎవరూ నోరు విప్పలేదు. వెనకవాళ్ళంతా ఒక్క మనిషిలా మళ్ళీ మొదటినుంచి అందుకున్నారు, నాణేలన్నీ ఒక్కసారి ఘల్లుమన్నాయి.

అప్పుడు గుర్తుపట్టింది చిట్టి. ముందున్నది బస్సు డ్రైవరమ్మ! రోజూ పొద్దున్న తనెక్కే బస్సు ఆమెదే. యూనిఫాం చొక్కా గుండీలు బిగుతుగా లాగుతుంటే, అద్దంలోంచి చూస్తూ "లోపలికి జరగండి, తలుపు దగ్గర ఏం పంచిపెడుతున్నారు!" అని అరిచే మనిషి. ఆ మనిషే ఇలా నిలబడుతుందని బస్సులో ఎవరైనా కలగంటారా?

"ఏమైనా కావాలా అండీ?" అంది టీచరు. చిట్టి కంటే వయసులో చాలా చిన్నది.

"లేదు... కింద క్లినిక్కు నుంచి... చప్పుడు..."

"ఎక్కువైందా?"

"లేదండీ," అంది చిట్టి. "బావుంది."

ఆ మాటకి డ్రైవరమ్మ పెద్దగా నవ్వింది. "మన బస్సు పాసింజరే మేడం ఈవిడ. రా చెల్లీ, చెప్పులు విప్పి లోపలికి రా. ఇక్కడ మాత్రం తలుపు దగ్గర నిలబడనివ్వను."

దీన్ని ట్రైబల్ ఫ్యూజన్ బెల్లీడాన్స్ అంటారని టీచరు చెప్పింది. ఎన్నో జాతుల ఆడవాళ్ళు ఆడుకునే ఆటల్లోంచి తలో ముక్కా తెచ్చి కలిపిన నాట్యమట. ఒక్కత్తీ ఆడేది కాదు, గుంపుగా ఆడాలి. ముందున్న మనిషి సైగ చేస్తుంది, వెనకవాళ్ళు అందుకుంటారు. ఆమెకి చాలనిపించినప్పుడు తలవంచి తప్పుకుంటుంది, ఇంకొకరు ముందుకొస్తారు. ముందు చోటు ఎవరి సొత్తూ కాదు, అందరికీ వంతు వస్తుంది.

మర్నాడు క్లినిక్కు పని అయ్యాక చిట్టి చివరి వరసలో, గోడ పక్కన చేరింది. ఇంట్లో మాత్రం "నడుంనొప్పికి వ్యాయామం" అని చెప్పింది. నిజంగానే నడుం నొప్పి ఉంది కాబట్టి పూర్తి అబద్ధం కాదులే అనుకుంది.

చేతులు తొందరగానే వచ్చాయి. పొట్ట రాలేదు. టీచరు ఎన్నిసార్లు చూపించినా అది చెక్కలా బిగుసుకునే ఉంది.

"ఊపిరి వదలండి. పొట్ట వదిలెయ్యండి."

"వదిలాను మేడం."

టీచరు వచ్చి రెండు వేళ్ళతో మెల్లగా నొక్కి చూసింది. "ఇది ఎవరికి భయపడి లోపల దాక్కుందండీ?"

అందరూ నవ్వారు. చిట్టీ నవ్వింది. కానీ ఇంటికెళ్ళే దారంతా ఆ ప్రశ్న వదల్లేదు. ఎవరికి? కూతురు పుట్టిన కొత్తలో భర్త "బిడ్డ బయటికొచ్చింది కదా, ఇంకా లోపల ఎవరున్నారు?" అని అందరి ముందూ జోకు వేశాడు. అందరికంటే ముందు తనే నవ్వింది. ఆ రోజు లోపలికి లాక్కున్న పొట్టని మళ్ళీ వదిలిన గుర్తు లేదు. వంట చేస్తున్నా, బట్టలు ఆరేస్తున్నా, పడుకున్నా బిగపట్టే ఉంచింది. ఆయన ఆ జోకు మర్నాటికే మర్చిపోయుంటాడు. తన కండరాలు మాత్రం మర్చిపోలేదు. ఎంత కష్టపడ్డాయి పాపం, ఎవరూ చెయ్యమనకుండానే, జీతం బత్తెం లేకుండా!

ఆ తర్వాత వంటింట్లో సాధన మొదలుపెట్టింది. కూర కలుపుతూ ఊపిరి వదిలేది. కూరగాయలు కడుగుతూ ఛాతీని గుండ్రంగా తిప్పేది. ఒకరోజు గిన్నెలు తుడుస్తుంటే పొట్టలో ఎక్కడో పైన చిన్న కదలిక, అదే కిందికి పాకింది. మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ వచ్చింది! సంతోషం పట్టలేక రెండు చేతులూ చాచి అలలా తిప్పేసరికి గుమ్మంలో అత్తగారు.

"ఏమైందే, బల్లి గానీ మీద పడిందా?"

"లేదత్తయ్యా... వ్యాయామం."

అత్తగారు కాసేపు అలాగే చూసింది. ఆవిడ కుడిభుజం బిగుసుకుపోయి చాలాకాలమైంది, తల దువ్వుకోవడానికి కూడా చిట్టి సాయం కావాలి. "ఆ చెయ్యి ఏదో తిప్పావే, మళ్ళీ తిప్పు," అంది. చిట్టి తిప్పింది. అత్తగారు తన చెయ్యి ఎత్తబోయి, సగంలోనే ఆపి, "నాకెక్కడ వస్తుందిలే," అని వెళ్ళిపోయింది. వెళ్ళిపోయింది కానీ, తర్వాత రోజూ ఆ వేళకి వంటింట్లో స్టూలు వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టింది.

వాన రోజులు మొదలయ్యేసరికి టీచరు కొత్త కొరియోగ్రఫీ నేర్పింది. ఊళ్ళోని పెద్ద హాల్లో ప్రదర్శన ఉంది. టీచరు తండ్రి డోలు వాయిస్తాడు. తెల్లజుట్టు పెద్దాయన, ముందున్న మనిషి చేతుల మీదినుంచి చూపు తిప్పకుండా, ఆమె ఎటు పోతే దరువు అటే నడిపేవాడు. మొదట్లో జోరుగా సాగే భాగానికి, క్లాసుకొచ్చే పళ్ళ డాక్టరమ్మ ఒకావిడ ముందుంటుంది. చివర్లో తాళాల భాగానికి డ్రైవరమ్మ. మధ్యలో నెమ్మది భాగం.

"అది చిట్టిగారిది," అంది టీచరు.

చిట్టి వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరైనా చిట్టి ఉన్నారేమోనని. "నేనా? వద్దు మేడం. నా వెనక ఎవరొస్తారు?"

"నా బస్సు వెనకాల ఎవరొస్తున్నారో అడిగి నడుపుతున్నానా నేను?" అంది డ్రైవరమ్మ. "నువ్వు పోనియ్యి చెల్లీ. ఎక్కేవాళ్ళు ఎక్కుతారు."

ముందుకొచ్చింది. అల బాగానే తిప్పింది. కానీ ప్రతిసారీ మొదలుపెట్టిన కాసేపటికే తలవంచి తప్పుకునేది.

"ఎందుకండీ అంత తొందర?" అనేది టీచరు. "మీకు చాలనిపించేదాకా ఉండండి. డోలు ఆగుతుంది, మేమూ ఆగుతాం."

"మీరందరూ నాకోసం ఎదురుచూస్తున్నారు కదా మేడం."

"ఎదురుచూడటం కాదండీ. మీతోపాటు ఆడుతున్నాం."

ఆ తేడా చిట్టికి బుర్రకెక్కింది కానీ ఒంటికెక్కలేదు. ఇంట్లో ఒక్క క్షణం ఊరికే కూర్చుంటే ఎవరో ఒకరు దేనికో ఆగిపోయినట్టే. ఆ అలవాటు అంత తేలిగ్గా పోతుందా?

ఈలోగా క్లాసులో కాలేజీ పిల్ల ఒకతి రిహార్సల్ని వీడియో తీసి ఫోన్లో పెట్టింది. అది తిరిగి తిరిగి చిట్టి భర్త ఆఫీసుకి చేరింది. పొద్దున్నే ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తుంటే వచ్చి నిలబడ్డాడు.

"వ్యాయామం అన్నావు."

చిట్టి చొక్కా తిరగేసి కాలరు మీద పెట్టె నడిపింది.

"మా సెక్షన్లోవాడు ఫోన్ చూపించి 'మీ ఇంటావిడలా ఉన్నారు సార్' అన్నాడు. నా తల ఎక్కడ పెట్టుకోను? ఈ వయసులో, ఈ ఒంటితో, పొట్ట ఊపుకుంటూ..." అన్నాడు. "నువ్వు మానేస్తున్నావు. చెప్పడానికి నీకు మొహమాటమైతే నేనే చెప్తా. నంబరివ్వు."

చిట్టి నంబరు ఇచ్చింది. ఇవ్వకుండా ఉండాలని తట్టనే లేదు. ఆయన అలవాటు ప్రకారం స్పీకరు పెట్టి, చేతికి వాచీ పెట్టుకుంటూ మాట్లాడాడు. ఇంటి పరిస్థితులు కుదరవనీ, పెద్దావిడకి మందులివ్వాలనీ, వేరే ఎవర్నైనా చూసుకోమనీ.

"అదెలా కుదురుతుందండీ?" అంది టీచరు గొంతు. "నెమ్మది భాగానికి ముందుండేది ఆవిడే. అలా చెయ్యగలిగినవాళ్ళు మాలో ఇంకెవరూ లేరు. ఆవిడ లేకపోతే ఎటు తిరగాలో మాకే తెలీదు."

ఇస్త్రీపెట్టె చేతిలో అలాగే ఉంది. నువ్వు లేకపోతే ఎలా అన్న మాట చిట్టికి కొత్త కాదు. తువ్వాలు ఎక్కడుందో తెలీదు, ఉప్పు డబ్బా ఏదో తెలీదు, మాత్రలు ఏ పూటవో తెలీదు. ఇంట్లో ఆమె లేకపోతే పని ఆగుతుంది. అక్కడ ఆమె లేకపోతే దారి పోతుందట. ఇన్నేళ్ళలో ఒక మనిషి, అదీ అంత విద్య ఉన్న మనిషి, తనని చూసి ఎటు వెళ్ళాలో తెలుసుకుంటానంది.

"ఒక్కసారి ఆవిడకివ్వండి," అంది టీచరు.

భర్త ఫోను అందించాడు, 'చెప్పు' అన్నట్టు చూస్తూ. చిట్టి ఇస్త్రీపెట్టె నిలబెట్టింది.

"వస్తున్నాను మేడం," అంది.

ఆయన మొహం ఎర్రబడింది. "సాయంత్రం అమ్మకి మందులెవరిస్తారు?" అన్నాడు చివరికి, ఇంకేమీ దొరక్క.

వంటింట్లో స్టూలు మీదినుంచి జవాబొచ్చింది. "నాకు చేతులున్నాయిరా. డబ్బా అందేచోట పెట్టి వెళ్ళు చిట్టీ, నేను వేసుకుంటాను."

ప్రదర్శన రోజు హాలు నిండిపోయింది. భర్త రానన్నాడు, రాలేదు. డ్రైవరమ్మ తన చేత్తో చిట్టి కళ్ళకి కాటుక దిద్ది, నడుం పట్టీ బిగించింది. తెర లేవగానే ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. పళ్ళ డాక్టరమ్మ జోరుగా మొదలుపెట్టింది, నవ్వు ఆగిపోయింది. తర్వాత ఆమె తలవంచి తప్పుకుంది. డోలు నెమ్మదించింది. చిట్టి ముందుకొచ్చింది.

ఎదురుగా చీకటి. అద్దం లేదు. వెనక ఎవరున్నారో కనపడదు. భుజంలో అల మొదలుపెట్టింది. వెనక సన్నగా నాణేల చప్పుడు. వచ్చారు. ఊపిరి వదిలింది, పొట్ట వదిలింది. అది పైనుంచి కిందికి, కిందినుంచి పైకి, తొందర లేకుండా, సిగ్గు లేకుండా కదిలింది. హాల్లో అలికిడి లేదు. పెద్దాయన ఆమె చేతుల్నే చూస్తూ దరువుని దారంలా సాగదీస్తున్నాడు. ఎంత బావుంది ఈ ఒళ్ళు అనుకుంది చిట్టి. బిడ్డని మోసి, బకెట్లు మోసి, అందరి మాటలూ మోసి, ఇంకా ఇంత మెత్తగా తిరుగుతోందే!

రిహార్సల్లో తప్పుకునే చోటు వచ్చింది. చెయ్యి అలవాటుగా లేచింది. తల వంచాలి. పక్కనే డ్రైవరమ్మ వేళ్ళకి తాళాలతో సిద్ధంగా ఉంది.

చిట్టి తల వంచలేదు. మణికట్టు లోపలికి తిప్పింది. మళ్ళీ మొదటినుంచి అని ఆ సైగకి అర్థం. ఒక్క క్షణం ఏమీ వినపడలేదు. తర్వాత ఆమె వెనక నాణేలన్నీ ఒక్కసారి ఘల్లుమన్నాయి.

అంతా అయ్యాక, చప్పట్లు ఇంకా మోగుతుండగానే, తెర వెనక డ్రైవరమ్మ రొప్పుతూ వచ్చి ఆమె భుజం మీద చరిచింది.

"ఏమే చిట్టీ, నీ స్టాపు దాటి ఎక్కడిదాకా వెళ్ళిపోయావే!"

చిట్టి మొహం మీద చెమటలో కాటుక కరిగి కారుతోంది. తుడుచుకోలేదు.

"దిగాలనిపించలేదక్కా," అంది.