నిమిషానికి పాతిక కిలోలు

నిజాంపేట నుంచి మాదాపూర్ ఆఫీసుకు చేరేసరికే పార్థసారథికి సగం ఓపిక అయిపోయేది. ఆ మే నెల ఎండలకి మిగతా సగం కూడా మధ్యాహ్నానికి ఉండేది కాదు. నలభై ఎనిమిదేళ్ళ మనిషి. టీములో అందరికన్నా పెద్ద. మేనేజరు కిరణ్ ఆయనకన్నా పదమూడేళ్ళు చిన్నవాడు.

వాళ్ళ కంపెనీ పెట్రోలు డిపోలకు సాఫ్ట్‌వేరు రాస్తుంది. ట్యాంకరు నింపేటప్పుడు పైపుకున్న మీటరు, నిమిషానికి ఇన్ని లీటర్లు పోతున్నాయని చెబుతుంది. సాఫ్ట్‌వేరు ఆ లీటర్లను కిలోలుగా మార్చి, బండిలోకి ఎంత బరువు ఎక్కిందో రాసిపెడుతుంది. సరుకు దింపే చోట బండిని కాటా మీద తూస్తారు. రెండు బరువులూ కలవాలి.

సోమవారం పొద్దున కిరణ్ ఆయన కుర్చీ దగ్గరికి వచ్చాడు.

"సార్, డిపో వాళ్ళకి చిన్న చేంజ్ కావాలంట. కాటా దగ్గర రెండొందల కిలోల కంటే ఎక్కువ తగ్గితే డిపోలోకి రానిచ్చే డ్రైవర్ కార్డు దానంతటదే బ్లాక్ అయిపోవాలి. ఇప్పుడు రిపోర్టు చూసి వాళ్ళే చేస్తున్నారు. గురువారానికి ఇవ్వగలరా?"

"తగ్గితే దొంగతనమేనంటారా?"

"ఇంకేముంటది సార్? దారిలో తీసేస్తారు."

పార్థసారథి సరేనన్నాడు. వాదించే ఓపిక లేదు. కొత్త పని సరిగ్గా నడుస్తుందో లేదో చూడ్డానికి పాత రికార్డులు తెరిచాడు. రెండు నెలల్లో నలభై ఒక్క బండ్లకు అంత తరుగు పడింది. అన్నీ మధ్యాహ్నం పన్నెండుకీ నాలుక్కీ మధ్య నిండినవే. పొద్దున నిండిన వాటిలో ఒక్కటీ లేదు. డిసెంబరు, జనవరి వెతికాడు. అక్కడా ఏమీ లేదు.

చలికాలంలో దొంగలు సెలవు తీసుకుంటారా ఏమిటి అనుకున్నాడు.

మీటరు పంపే వివరాల్లో పెట్రోలు వేడి ఎంతో కూడా ఉంది. ముప్ఫై ఎనిమిది, ముప్ఫై తొమ్మిది డిగ్రీలు. సాఫ్ట్‌వేరు ఆ అంకెను ఎప్పుడూ చదవలేదు. ఎందుకు చదవలేదా అని కోడు తెరిస్తే పైన ఆయన పేరే ఉంది. నిరుడు వానాకాలంలోది. లీటరుకు ఏడు వందల నలభై అయిదు గ్రాములు అని రాసేసి ఉంది. పక్కనే ఆయన పెట్టుకున్న గుర్తు: ప్రస్తుతానికి ఇది, తర్వాత మార్చాలి.

గుర్తొచ్చింది. ఆ వారం కూతురు రసజ్ఞకు డెంగీ. ఆస్పత్రి వరండాలో ల్యాపుటాపు ఒళ్ళో పెట్టుకుని, పెట్రోలు ల్యాబు కాగితం మీదున్న అంకె ఎక్కించి పంపేశాడు. అది పదిహేను డిగ్రీల దగ్గరి అంకె. పెట్రోలు వేడెక్కితే ఉబ్బుతుంది, అదే లీటరు తేలికవుతుంది. ఆ సంగతి ఆయనకు తెలియనిది కాదు.

కాగితం మీద వేసి చూశాడు. నిమిషానికి పన్నెండు వందల లీటర్లు. పాత అంకెతో ఎనిమిది వందల తొంభై నాలుగు కిలోలు. ముప్ఫై ఎనిమిది డిగ్రీల దగ్గర ఎనిమిది వందల అరవై తొమ్మిది. నిమిషానికి పాతిక కిలోల తేడా. బండి నిండడానికి పది నిమిషాలు. అసలు ఎక్కనే ఎక్కని రెండు వందల యాభై కిలోలకు మనుషుల్ని దొంగలన్నారు.

డిపో వాళ్ళు ఇప్పటికే కార్డులు ఆపేసినవాళ్ళు ఏడుగురు. మొదటి పేరు పోచయ్య. పద్దెనిమిది రోజులుగా పని లేదు.

కిరణ్ అంతా విని కళ్ళు నులుముకున్నాడు. "సార్, వచ్చే రిలీజులో సైలెంటుగా ఫిక్స్ చేసేద్దాం. మన తప్పని రాతలో ఇస్తే క్లయింటు పట్టుకుంటాడు."

"ఆ ఏడుగురు?"

కిరణ్ స్క్రీను వైపు తిరిగి రిలీజు తేదీ వెతకసాగాడు.

పార్థసారథి తన కుర్చీకి వచ్చి లెక్క మరోసారి సరిచూసుకున్నాడు. తర్వాత డిపో మేనేజరుకు మెయిలు రాశాడు. లెక్క, ఏడు పేర్లు, చివర్లో 'ఈ తప్పు నాది' అని ఒక వాక్యం. కిరణ్‌కూ ఒక కాపీ పెట్టి పంపేశాడు. ఆ రోజంతా కిరణ్ ఆయన వైపు చూడలేదు.

మర్నాడు పదకొండింటికి డిపో నుంచి ఫోను. కార్డులన్నీ తెరిచామన్నారు.

"వాళ్ళకి చెప్పారాండి?"

"కార్డు పనిచేస్తే వాళ్ళకే తెలుస్తుంది కదండీ."

ఏడుగురి నంబర్లూ అడిగి కాగితం మీద రాసుకున్నాడు. మెట్ల దగ్గరికి వెళ్ళి పోచయ్యకు ఫోను చేసి, తనెవరో చెప్పి, సంగతంతా వివరించాడు.

"అంటే నేను తీయలేదని తెలిసిందా సారూ?"

"తెలిసిందండి. మీ కార్డు కూడా తెరిచారు."

"కార్డు సంగతి అటుంచుండ్రి. మా ఇంటామెకు ఫోనిస్త, జర మీరే చెప్పుండ్రి. నేను చెప్తె నమ్ముతలేదు. పద్దెనిమిది దినాల సంది ఆమె నాతోని సక్కగ మాట్లాడతలేదు."

పోచయ్య భార్య యాదమ్మ ఫోను తీసుకుంది. పార్థసారథి మళ్ళీ మొదటి నుంచీ చెప్పాడు, ఈసారి అంకెలు లేకుండా. ఎండకి పెట్రోలు ఉబ్బుతుందని, మిషనుకు ఆ లెక్క తెలియలేదని, మీ ఆయన చుక్క కూడా ముట్టుకోలేదని.

"ఎండ కాస్తదని మీకెవ్వరికి తెల్వదా సారూ?" అందామె. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "ఇన్ని దినాలు ఎవ్వరు చూడలేదా?"

"నేను చూడాలమ్మా. నేనే చూడలేదు."

ఆమె ఫోను పక్కకు జరిపి "ఇగో, అన్నం పెడ్త, లే" అని మొగుడితో అనడం వినిపించింది. తర్వాత లైను కట్ అయింది.

పార్థసారథి మెట్టు మీద కూర్చుండిపోయాడు. క్షమించమని అడగడం మరిచిపోయానని అప్పుడు తట్టింది. మళ్ళీ చేద్దామనుకుని, వాళ్ళు అన్నం దగ్గర ఉంటారని ఆగాడు. కాగితం మడత విప్పి రెండో నంబరు నొక్కాడు.