తాలు మొక్క మిగిల్చిన వలయం

నేను ఒక గాజు పలకను. మైక్రోస్కోపు కింద పెడతారే, వేలెడు పొడవుండే పలక, అది. వరి పరిశోధన కేంద్రంలో విద్యార్థులు నా మీద ఉల్లి వేళ్లు నలిపి, ఏమీ కనబడకపోయినా కనబడినట్టే బొమ్మలు గీసేవారు. తర్వాత కడిగేసేవారు. ఇప్పుడు కడగరు.

కారణం లలితాంబగారు. పైరు రసం పీల్చి ఎండగొట్టే దోమపోటును తట్టుకునే వరి కోసం తొమ్మిదేళ్లు తిప్పలు పడిన శాస్త్రవేత్త. కిరణాలు సోకించిన విత్తనాల్లో ఒకే ఒక్క మొక్క దోమకు లొంగలేదు. అది ఎండిపోయేలోగా మామూలు వరితో సంకరం చేశారు. పిల్లమొక్కల్లో సగం దోమను తట్టుకున్నాయి గానీ, వాటి వెన్నుల్లో సగం గింజలు తాలే. ఎందుకో చూద్దామని లేత పూమొగ్గను చిదిమి, రంగు వేసి, బొటనవేలితో నా మీద అదిమారు.

నా మీద తేలింది ఇదీ: రెండు క్రోమోజోములు విరిగి ముక్కలు మార్చుకున్నాయి. తట్టుకునే జన్యువు ఆ అతుకు దగ్గరే కూర్చుంది. జత కట్టే వేళ ముక్కలు మారిన కొత్తవి రెండూ, మారని పాతవి రెండూ కలిసి వలయమయ్యాయి. పంపకం తప్పిన చోటల్లా గింజ తాలైపోయింది. మిగిలిన మంచి గింజలు మళ్లీ వేస్తే, నాలుగింట ఒక మొక్క నిండు వెన్నుతో దోమను తట్టుకుంటుంది.

"ఇంకొక్క పంట ఆగు, నూకాలూ" అన్నారావిడ.

నూకాలు ఇరవయ్యేళ్లుగా అక్కడి మడుల్లో పనిచేస్తోంది. కిందటేడు దోమపోటుకు ఆమె రెండెకరాలూ మాడిపోయాయి. "తొలి గుప్పెడు నాకే ఇయ్యాల, అమ్మగోరూ" అంది.

లలితాంబగారు మొక్కల లెక్కంతా పుస్తకంలో రాసుకున్నారు, ఒక్క మొక్కకూ చీటీ కట్టలేదు. ఆవిడ ఊళ్లో లేనప్పుడు అధికారులు వస్తున్నారని, మడుల్లో బెరుకులు, అంటే తేడాగా ఉన్న మొక్కలు, ఏరమని కేంద్రంవాళ్లు నూకాలుకు చెప్పారు. తాలు మొక్క కనబడితే పీకెయ్యాలని నూకాలుకు నేర్పింది ఆ కేంద్రమే. అప్పటికి గింజ ఇంకా పాలు పోసుకుంటోంది, విత్తనానికి పనికిరాదు.

"ఒక్క తాలు మొక్కా ఒగ్గలేదమ్మా. గేదెలకేసీసినాను" అంది ఆవిడ తిరిగొచ్చాక, మెప్పు కోసం చూస్తూ.

లలితాంబగారు కోప్పడలేదు. గదిలోకి తీసుకెళ్లి నన్ను చూపించి అంతా చెప్పారు. నాతో ఒంటరిగా గంటలు గడిపిన మనిషి, దోమను తట్టుకునేవి ఆ తాలు మొక్కలేనన్న మాట నూకాలుకు చెప్పడానికి ఇన్నాళ్లూ తీరిక చేసుకోలేదు. నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

నూకాలు చాలాసేపు కటకంలోకి చూసింది.

"ఇది మొలవదా, అమ్మగోరూ?"

"మొలవదు."

చీర చెంగుతో చేతులు తుడుచుకుంది. తుడిచిన చేతులే మళ్లీ మళ్లీ తుడుచుకుంది.