చేద్దాం అంటే

“ఆదివారం లంచ్‌కి పులిహోర చేద్దాం గిరిజా, పదహారు మందే కదా,” అన్నాడు శశికాంత్, ఫోన్‌లోంచి తలెత్తకుండా. “గుత్తి వంకాయ కూడా చేద్దాం. పాపం, కాలేజీ పిల్లలు వచ్చినప్పట్నుంచీ పిజ్జాలే తింటున్నారు.”

గిరిజ చింతపండు నానబెట్టింది. పద్నాలుగేళ్ల కాపురం తర్వాత ఈ ‘చేద్దాం’లో ఎవరి వాటా ఎంతో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. శశికాంత్ వ్యాకరణం మహా నిక్కచ్చిది. ఇల్లు ‘కొన్నాను’. ప్రమోషన్ ‘కొట్టాను’. అంట్లు మాత్రం ‘తోముకున్నాం’. షికాగో శివార్లో ఈ నేపర్‌విల్‌కి మారినప్పుడు సామానంతా ‘సర్దుకున్నాం’. ఆ వారమంతా ఆయన డాలస్‌లో క్లయింట్ దగ్గరున్నాడు. పాపకి జ్వరమొస్తే తెల్లవార్లూ ‘మేలుకున్నాం’. అలా మేలుకున్న ఇద్దరిలో ఒకరి గురక గిరిజకు ఇప్పటికీ గుర్తే.

ఈ టూరూ అంతే. శశికాంత్ చదివిన ఇంజినీరింగ్ కాలేజీ నుంచి ఆఖరి ఏడాది పిల్లలు షికాగో వచ్చారు, కంపెనీలు చూడ్డానికి, ఇంటర్వ్యూల్లో మాట్లాడ్డం నేర్చుకోడానికి, ఉద్యోగాలిచ్చేవాళ్లని ఎదురుగా కలవడానికి. పూర్వ విద్యార్థుల సంఘం అధ్యక్షుడిగా ఆ బరువు ఆయన నెత్తికెత్తుకున్నాడు. ఎత్తుకున్న సాయంత్రమే డైనింగ్ టేబుల్ మీద దించేశాడు. “మెయిల్స్ కాస్త చూడు. నా ఐడీ నుంచే పంపు. నా పేరుంటే రెస్పాన్స్ వస్తుంది.” నాలుగు నెలల పాటు మధ్యాహ్నాలన్నీ ఆమె శశికాంత్ అయి కంపెనీలకి ఉత్తరాలు రాసింది, రైలు టైములు చూసింది, ఎవరు ఏం తినరో కనుక్కుంది. స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ చేసిన మనిషికి ఈ దేశంలో దొరికిన మొదటి ఉద్యోగం అది, మొగుడి పేరుతో. తన పేరుతో ఉద్యోగం చేసుకోడానికి వర్క్ పర్మిట్ కార్డు ఏప్రిల్‌లోనే వచ్చింది. “తొందరేముంది? టూర్ అవనీ, ఆలోచిద్దాం,” అన్నాడాయన. చేద్దాం అంటే ఆమె చేయాలి. ఆలోచిద్దాం అంటే ఎవరూ ఆలోచించరు.

కానీ ఆ మెయిళ్లలో ఒకటి ఆమెను నిలవనీయడం లేదు. ఓ కంపెనీలో ట్రైనింగ్ విభాగం చూసే ఛాయాదేవి రాసింది: ‘మా టీమ్‌కి ఒక కోఆర్డినేటర్ కావాలి. మీలా ఆలోచించి రాసేవాళ్లెవరైనా ఉంటే చెప్పండి.’ ఆమె ఆదివారం లంచ్‌కి వస్తోంది.

“ఆవిడకి నన్ను పరిచయం చేయండి,” అని అడిగింది గిరిజ.

“చేద్దాం,” అన్నాడు.

ఆదివారం పొద్దున్న శశికాంత్ అందరికీ మెడలో బ్యాడ్జీలు వేశాడు. పిల్లలకి ఆకుపచ్చవి, తనకి నీలం. గిరిజకి లేదు. “మనింట్లో మనకెందుకే?” అన్నాడు. కింద బేస్‌మెంట్‌లో క్లాసు మొదలుపెట్టాడు. మాటలు వంటగదిలోకి స్పష్టంగా వస్తున్నాయి.

“ఇంటర్వ్యూలో ‘మేము చేశాం’ అన్నారో, అయిపోయారు! మేము ఎవరు? మీ బ్యాచ్ మొత్తమా? నేను చేశాను అనండి. మీరు చేసిన పనిని మీ పేరు మీద చెప్పుకోవడం నేర్చుకోండి. దట్స్ ది స్కిల్.”

వంకాయలకి గాట్లు పెడుతున్న గిరిజకు నవ్వొచ్చింది. మంచి నవ్వు కాదు. ఇంత చక్కగా చెప్పగలిగినవాడికి ఆ సంగతి తెలీదనుకుని ఇన్నాళ్లూ క్షమించింది. తెలుసన్నమాట.

ఛాయాదేవి వచ్చింది. యాభై దాటిన మనిషి, గట్టి గొంతు. శశికాంత్ ఎదురెళ్లి, “మా మిసెస్ అండీ. ఫుడ్ డిపార్ట్‌మెంట్,” అని నవ్వాడు. పరిచయం చేయడం అయిపోయింది.

“పులిహోర అదిరింది ఆంటీ!” అంది నైనిక, ఆకుపచ్చ బ్యాడ్జీ పిల్ల.

“పొద్దున్నే లేచి కలిపాం అమ్మా,” అన్నాడు శశికాంత్.

ఛాయాదేవి ప్లేటు పక్కన పెట్టింది. “శశికాంత్ గారూ, మీ మెయిల్ మా టీమ్ అందరికీ చదివి వినిపించానండీ. ఇంటర్వ్యూ ప్రశ్నలు ముందురోజే పిల్లలకి పంపమన్నారు చూడండి, అది. అంత బాగా ఎవరు రాశారు, మీరేనా?”

“అంటే, అలా కూర్చుని రాశాం అండీ.”

“సర్! ‘మేము’ అనొద్దన్నారు కదా!” అంది నైనిక. పిల్లలంతా గొల్లుమన్నారు.

శశికాంత్ కూడా నవ్వాడు. గిరిజ గరిటె పట్టుకుని ఆయన మొహంలోకే చూస్తోంది. ఒక్క మాట, ఆమె వైపు ఒక్క వేలు చూపిస్తే చాలు.

“ఓకే, ఓకే. రాశాను,” అన్నాడు.

“మరి ఆ ఐడియా ఎలా వచ్చిందండీ మీకు?” అంది ఛాయాదేవి. “ఎందుకలా పంపమన్నారు?”

శశికాంత్ కళ్లు గోడలన్నీ తిరిగి వంటగది దగ్గర ఆగాయి. “గిరిజా, అదే, ఎందుకలా రాశాం మనం?”

“మీరు రాసింది నాకెలా తెలుస్తుందండీ?” అంది గిరిజ నెమ్మదిగా. “నేను రాసిందైతే చెప్తాను.”

ఆమె గరిటె సింకులో వేసి, చేతులు తుడుచుకుని, కుర్చీ లాక్కుని ఛాయాదేవి ఎదురుగా కూర్చుంది.

“వీళ్లలో సగం మంది తెలుగు మీడియం అండీ. నేనూ అంతే. జవాబు రాక కాదు ఆగిపోయేది. మనసులో దాన్ని ఇంగ్లీషులోకి మార్చుకునేలోపు ఎదుటివాళ్లు తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోతారు. నాకు బ్యాంకు ఉద్యోగం ఇంటర్వ్యూలో అలాగే పోయింది. అందుకని రాశాను. ఆ మెయిళ్లన్నీ నేనే రాశాను.”

ఛాయాదేవి శశికాంత్ వైపు చూడలేదు. “మీ పూర్తి పేరేంటమ్మా?” అని బ్యాగులోంచి పెన్ను తీసింది.

“గిరిజా,” శశికాంత్ గొంతు సవరించుకున్నాడు. పిల్లల ముందు నవ్వు మొహం ఇంకా అలాగే ఉంది. “ముందు అందరికీ కాఫీ పెడదాం. తర్వాత మాట్లాడుకోవచ్చు.”

“పెట్టండి,” అంది గిరిజ, వెనక్కి తిరగకుండా. “పాలు ఫ్రిజ్‌లో ఉన్నాయి.”