ఆరబెట్టిన చేను

సింధూరి విజయవాడలో ఒక రక్తపరీక్షల ల్యాబ్‌లో టెక్నీషియన్. పదహారేళ్లుగా ఊళ్లోవాళ్ల రక్తంలో చక్కెర, ఉప్పు, కొవ్వు కొలిచిన మనిషికి ఆ ఏడాది జూన్‌లో తనను తాను కొలుచుకోవాలని బుద్ధి పుట్టింది. కరెంటు, గ్యాసు, స్కూటర్ పెట్రోలు, తినే తిండి అన్నీ ఫోన్‌లో నింపితే ఏడాదికి తన ఇంటి మూలంగా భూమి ఎంత వేడెక్కుతోందో చెప్పే లెక్క అది. ఎండాకాలమంతా ఇంటిల్లిపాదీ ఒకే ఏసీ గదిలో సర్దుకున్నారు కాబట్టి రెండున్నర టన్నుల కార్బన్ వాయువే తేలింది. మురిసిపోయింది. చివరి ప్రశ్న దగ్గర ఆగింది. మీ పేరున సాగుభూమి ఉందా? ఏ పంట?

చల్లపల్లి దగ్గర వాళ్లమ్మ ఇచ్చిన రెండెకరాల వరిచేను ఉంది. నిలవనీటి కింద బురద కుళ్లి మీథేన్ అనే వాయువు పుడుతుందట. కార్బన్ లెక్కన అదొక్కటే మూడున్నర టన్నులు. ఇంటి మొత్తంకన్నా ఎక్కువ. కౌలుకిచ్చిన పొలం నీ లెక్కలోకెలా వస్తుందని భర్త సిద్ధార్థ నచ్చజెప్పబోయాడు. ఏడాదంతా తినేది ఆ బియ్యమేగా అంది సింధూరి.

విరుగుడు ఏమిటో వారం రోజులు చదివి తెలుసుకుంది. చేలో ఎప్పుడూ నీళ్లు నిలవ ఉంచకుండా, ఒకసారి తడిపి, ఆరనిచ్చి, మళ్లీ తడపాలి. చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ గొట్టాన్ని మట్టిలో పాతితే లోపల నీటిమట్టం కనిపిస్తుంది. నేలకు అరడుగు కిందికి దిగాక నీళ్లు పెడితే చాలు. ఆదివారం చల్లపల్లి మీదుగా పోయే అవనిగడ్డ బస్సెక్కి, గొట్టం చంకన పెట్టుకుని చేను దగ్గర దిగింది.

ఇరవై ఏళ్లుగా ఆ పొలం కౌలుకు చేస్తున్న రత్తయ్య అంతా విని తల అడ్డంగా ఊపాడు.

"ఆరబెడితే కలుపు లేచిద్దమ్మాయ్. పైరు వాడిపోద్ది. నలుగురూ నవ్వుతారు."

"పంట తగ్గితే ఈ ఏడు కౌలు గింజలు నాకొద్దు బాబాయ్. నష్టమంతా నాదే."

ఆయన గట్టుమీద కూర్చుని నాలుగు గడ్డిపోచలు పీకి, చివరికి సరేనన్నాడు.

నాట్లు పడి పైరు నిలదొక్కుకున్నాక మొదలుపెట్టారు. ప్రతి ఆదివారం సింధూరి వచ్చి గొట్టంలో పుల్ల దింపి కొలిచేది. మిగతా రోజులు రత్తయ్య కొలిచి ఫోన్ చేసేవాడు. భాద్రపదంలో పది రోజులు వాన ముఖం చాటేసింది. చుట్టుపక్కల చేలన్నీ నీళ్లతో మెరుస్తుంటే వీళ్ల చేను ఒక్కటే ఎండి సన్నటి నెర్రెలిచ్చింది. దారినపోయేవాళ్లు రత్తయ్యను ఆపి, ఏం పుట్టిందయ్యా నీకని అడగసాగారు. ఒక ఉదయం ఆయన ఫోన్ చేశాడు. ఇక తనవల్ల కాదని, పంటబోదెకు గండి కొట్టి నీళ్లు పెట్టేస్తానని చెప్పాడు. ఒక్క పూట ఆగమని బతిమాలి, సింధూరి సెలవు పెట్టి బస్సెక్కింది.

మధ్యాహ్నానికి చేలో దిగింది. ఆమెకూ లోపల గుబులుగానే ఉంది. గొట్టంలో చూస్తే నీళ్లు నాలుగంగుళాల లోతునే ఉన్నాయి. ఒక దుబ్బు పీకింది. గట్టు దాటి పక్కచేలోవాళ్లను అడిగి అక్కడా ఒకటి పీకింది. రెండూ బోదెలో కడిగి రత్తయ్య చేతికిచ్చింది. నీళ్లలో నానిన పక్కచేను దుబ్బు వేళ్లు పొట్టిగా, తుప్పు రంగులో ఉన్నాయి. వీళ్ల దుబ్బుకు తెల్లటి వేళ్లు జానెడు పొడుగున గుబురుగా వేలాడుతున్నాయి. రత్తయ్య వాటిని చేతివేళ్లతో దువ్వాడు. గండి మాట మళ్లీ ఎత్తలేదు.

ఆ వారమే బోదె చివర పొలం చేసే యేసుబాబు వెతుక్కుంటూ వచ్చాడు. వానల్లేని రోజుల్లో ఏటా డీజిల్ ఇంజను పెట్టుకునే తనకు ఈసారి ఇంజను తీయకుండానే ఒక తడి అందిందని, ఎగువన నీళ్లు ఎవరు వదిలారో చూసిపోదామని వచ్చానని చెప్పాడు.

పూత వేళకు మాత్రం నీళ్లు తగ్గనివ్వలేదు. కార్తీకంలో తుఫాను గాలి రెండు రోజులు కొట్టింది. చుట్టూ చేలు పడుకున్నాయి. వీళ్లది ఒక మూల వంగింది, అంతే. కోతయ్యాక కాటా వేస్తే ఎకరానికి నిరుటికన్నా రెండు బస్తాలు ఎక్కువ తూగింది. సింధూరి కల్లంలోనే నిలబడి ఫోన్‌లో లెక్క మళ్లీ కట్టింది. మూడున్నర టన్నుల చోట ఇప్పుడు రెండు కూడా లేవు. పేషెంటు రిపోర్టు మామూలుగా వచ్చినప్పుడు కూడా ఎన్నడూ కలగని ఆనందం. కళ్లలో నీళ్లు తిరిగాయి.

మరుసటి జూన్‌లో బోదె కింద రైతులు పద్నాలుగు మంది ఆ గట్టుమీద చేరారు. మాట్లాడేందుకు సింధూరి కాగితాలు తెచ్చుకుంది గాని, ఆమె నోరు తెరిచేలోపే రత్తయ్య లేచి, గొట్టానికి చిల్లులు ఎక్కడ పెట్టాలో, పుల్ల ఎలా దించాలో, నెర్రె ఎంతవరకు భయపడక్కర్లేదో చెప్పుకుపోయాడు. అదంతా తాను కనిపెట్టిందే అన్నట్టు చెప్పాడు. ఎవరో కలుపు సంగతి అడిగితే, "లేచిద్ది. ఒకసారి ఎక్కువ తీయి. ఏర్లు చూశాక మాట్లాడు" అని కసిరాడు.

చీకటి పడకముందే యేసుబాబు బోదె పైనుంచి కిందికి అందరికీ నీళ్ల వంతులు రాశాడు. మొత్తం నలభై రెండెకరాలు. సింధూరి కాగితాలు సంచిలో పెట్టేసి, వాళ్ల మధ్యన కూర్చుని టీ తాగింది.